రాయచూరు గుండ్లు - ప్రాచీన హిమానీ చిహ్నములు

రాయచూరు కోటగోడలో 41 అడుగులకు పైబడిన పొడవుగల శిల యొకటి కలదు. దానిపై కాకతీయులనాటి క్రీ. శ. 1294 శాసనమును, పశువులు బండిపై బరువును లాగుకొనివచ్చు చిత్రమును చెక్కిరి. ఆ శిల యెట్లు తరలివచ్చెనో మనుష్యులే చెప్పియుంచిరి. కాని కృష్ణా తుంగభద్రల నడుమనున్న గుట్టలపై ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్ల నచ్చట నిలిపిన దెవరు? ఒకానొకప్పుడు మంచునదులు మోసితెచ్చి విడిచినవా?

ఈ ప్రశ్న నవ్వదగినది కాదు. 1865-66 సంవత్సరములలో బ్రెజిలులో పర్యటించిన ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు లూయీ అగాసీ అచ్చటి గుండ్లను మంచునదుల పనియే యని తలచెను. అవి ఉన్నచోటనే శిథిలమైన శిలలని తరువాతివారు తేల్చిరి. పండితుడైనను పైరూపమును మాత్రమే చూచిన పొరపడునని దీనివలన తెలియుచున్నది.

మనదేశమున సరియైన సాక్ష్యము వేరొకచోట దొరకెను. 1856లో ఒరిస్సాలోని తాల్చేరు వద్ద బ్లాన్‌ఫర్డ్ సోదరులును, థియొబాల్డును మెత్తని బురదశిలలో పెద్దగుండ్లు చిక్కుకొనియుండుట గమనించి, అది మంచు చేసిన పని కావచ్చునని సూచించిరి. ఉష్ణదేశమున మంచా యని సందేహించుట సహజమే. 1872లో ఫెడ్డెను చాందా సమీపమున, పెనుగంగ లోయలోని ఇరై గ్రామమువద్ద, గీతలు పడి నునుపుదేరిన గుండ్లను, వాని క్రింద అట్లే గీతలు పడిన సున్నపురాతి నేలను కనుగొనెను. ఆయన నివేదిక 1875లో భూవిజ్ఞాన సర్వేక్షణశాఖ పత్రికలో వెలువడెను. ఆ సంవత్సరమే హెచ్. ఎఫ్. బ్లాన్‌ఫర్డు ఈ పొరలను దక్షిణాఫ్రికా గుండ్లపొరలతో పోల్చి, ఈ దేశములు పూర్వము కలిసియుండెనని లండనులో ప్రతిపాదించెను. ఇరై మన ఆదిలాబాదు సరిహద్దునకు చేరువనే యున్నది.

ఆ కొలతలతో రాయచూరు గుండ్లను పరీక్షింతము. మంచు మోసిన రాయి సాధారణముగా తానున్న నేలకు పరాయిది, ఒరపిడి గీతలు కలది, బురదలో పొదిగినది. రాయచూరు గుండు తన క్రిందనున్న నల్లసేనపు రాతి జాతిదే. ఆ రాతిలోని నిలువు అడ్డు పగుళ్ళవెంట నీరు దిగి, అంచులు కరగి, పొరలు ఊడి, నడిమి గట్టిభాగము గుండ్రముగా మిగిలినది. శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. తాల్చేరు హిమయుగము సుమారు 30 కోట్ల సంవత్సరములనాటిది.

అయినను రాయచూరుపై మంచు ఎన్నడును పరవలేదని దీనిచే సిద్ధింపదు. గోదావరి లోయ క్రుంగినందున అచ్చటి హిమానీ పొరలు మరుగుపడి దక్కినవి. ఎత్తున నున్న నేలపై అట్టివి యున్నను కొట్టుకొనిపోయియుండును. కావున మనము చెప్పదగిన దింతియే: ఈ గుండ్లు మంచుకు సాక్షులు కావు. శాసనమున లేని మాటను చదువకుండుట శాసనపరిశోధకునకు ఎట్లు ధర్మమో, శిలాపరిశోధకునకును అట్లే ధర్మము.