గ్రాఫిక్స్ కార్డుల విద్యుత్ అవసరాలు – కంప్యూటర్ విస్తరణ ప్రమాణాలు: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటరుకు కొత్త సామర్థ్యాన్ని జోడించే కార్డులు ఏ కొలతలతో, ఏ వేగంతో, ఎంత విద్యుత్తుతో పనిచేయాలో నిర్ణయించే నియమాలను విస్తరణ ప్రమాణాలు అంటారు. వీటి చరిత్రను సాధారణంగా వేగం పెరిగిన క్రమంలో వివరిస్తారు. ఈ వ్యాసం అదే చరిత్రను విద్యుత్తు దృష్టితో పరిశీలిస్తుంది. స్లాటు మోయలేని విద్యుత్ భారం మొదట కేబులుకు, తర్వాత ఇంటి సరఫరాకు, ఇప్పుడు రాష్ట్ర విద్యుత్ వ్యవస్థకు ఎలా బదిలీ అయిందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. చంద్రశేఖరపురం వంటి గ్రామీణ మండలాల విద్యుత్ అనుభవం ఈ పరిశీలనకు ప్రాతిపదిక.

కీలకపదాలు: విస్తరణ ప్రమాణాలు, గ్రాఫిక్స్ కార్డు, జిస్ట్ కార్డు, పీసీఐ ఎక్స్‌ప్రెస్, విద్యుత్ పంపిణీ, పశ్చిమ ప్రకాశం.

1. ఉపోద్ఘాతం:

భైరవకోన గుహాలయాలకు నెలవైన చంద్రశేఖరపురం మండలం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలతో కలిసి పశ్చిమ ప్రకాశంగా వ్యవహరించే మెట్ట ప్రాంతంలో ఉంది. ఈ ప్రాంత వ్యవసాయం చాలావరకు వర్షం మీద, బోరుబావుల మీద ఆధారపడింది. అందువల్ల ఇక్కడి రైతుకు విద్యుత్తు కొలమానం వాట్ల కంటే మోటారు హార్స్‌పవర్ రూపంలోనే ఎక్కువ పరిచయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల ఆరంభం నుండి వ్యవసాయ విద్యుత్ రుసుమును కూడా హార్స్‌పవర్ లెక్కన స్లాబు పద్ధతిలో నిర్ణయించారు. 2004లో ఉచిత విద్యుత్ విధానం వచ్చింది.

ఒక హార్స్‌పవర్ 746 వాట్లకు సమానం. 2025 జనవరిలో విడుదలైన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు నిర్దేశిత విద్యుత్ వినియోగం 575 వాట్లు, అంటే సుమారు ముప్పావు హార్స్‌పవర్. ఒక అయిదు హార్స్‌పవర్ల మోటారు సామర్థ్యం ఇటువంటి ఆరు కార్డుల వినియోగం కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ. బల్లమీది యంత్రంలోని ఒక భాగం పొలంలోని మోటారుతో పోల్చదగిన స్థాయికి ఎలా చేరిందన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. తొలిదశ – తెలుగు లిపికి స్లాటు ఆధారం:

1981 ఆగస్టులో ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో అయిదు విస్తరణ స్లాట్లు ఉండేవి. దాని పవర్ సప్లై మొత్తం సామర్థ్యం 63.5 వాట్లు. 1984లో వచ్చిన ఏటీ నమూనాలో స్లాటు 16 బిట్లకు, పవర్ సప్లై 192 వాట్లకు పెరిగాయి. ఈ స్లాట్ల నిర్మాణ వివరాలు బహిరంగంగా లభించడంతో ఇతర సంస్థలు సొంత కార్డులు తయారుచేయగలిగాయి. ఈ పద్ధతికే తర్వాత ఐఎస్ఏ అనే పేరు స్థిరపడింది.

ఈ బహిరంగత వల్ల భారతీయ భాషలు కూడా మేలు పొందాయి. ఐఐటీ కాన్పూర్‌లో ఆర్.ఎం.కె. సిన్హా, మోహన్ తాంబే తదితరుల కృషితో రూపుదిద్దుకున్న జిస్ట్ సాంకేతికతను, 1988లో ఏర్పడిన సీడాక్ సంస్థ పుణేలో అభివృద్ధి చేసింది. జిస్ట్ కార్డును స్లాటులో అమర్చితే డాస్ ఆధారిత కంప్యూటరు తెరమీద తెలుగుతో సహా భారతీయ లిపులు కనిపించేవి. ఒత్తులు, గుణింతాలు కూర్చే పనిని ఆ కార్డే నిర్వహించేది. విండోస్ వ్యాప్తితో ఆ పని సాఫ్ట్‌వేర్ ఫాంట్లకు మారింది, కార్డు అవసరం తీరిపోయింది. తెలుగు లిపి విషయంలో విస్తరణ కార్డు తాత్కాలిక ఆధారంగా ఉండి తప్పుకున్నదని ఈ ఉదాహరణ తెలుపుతుంది. దాని విద్యుత్ అవసరం కూడా స్లాటు పరిధిలోనే తీరింది.

3. పీసీఐ నుండి ఏజీపీ వరకు – భారం స్లాటు దాటిన తీరు:

1987లో ఐబీఎం తెచ్చిన మైక్రో ఛానల్ రుసుము షరతుల వల్ల విస్తృతంగా నిలవలేదు. దానికి పోటీగా కాంపాక్ నాయకత్వంలో తొమ్మిది సంస్థలు 1988లో ఈఐఎస్ఏను ప్రకటించాయి. 1992లో ఇంటెల్ రూపొందించిన పీసీఐ ఈ పోటీకి ముగింపు పలికింది. పీసీఐ కార్డుకు గరిష్ఠ పరిమితి 25 వాట్లు.

త్రిమితీయ చిత్రాల అవసరం ఈ పరిమితిని పరీక్షించింది. గ్రాఫిక్స్ కార్డు కోసమే ప్రత్యేకించిన ఏజీపీ 1997లో వాడుకలోకి వచ్చింది. వృత్తిపరమైన కార్డుల కోసం రూపొందిన ఏజీపీ ప్రో 110 వాట్ల వరకు అనుమతించింది. అయితే సామాన్య కంప్యూటర్లలో అది స్థిరపడలేదు. 2000లో వచ్చిన వూడూ5 5500, 2002లో వచ్చిన రేడియాన్ 9700 ప్రో కార్డులు హార్డ్ డిస్కులకు, ఫ్లాపీ డ్రైవులకు ఉద్దేశించిన తీగల నుండి విద్యుత్తు తీసుకున్నాయి. అవసరం ముందు నడవగా ప్రమాణం దాని వెనుక నడిచిన సందర్భమిది.

4. పీసీఐ ఎక్స్‌ప్రెస్ – పెరిగిన వేగం, పెరగని స్లాటు:

2003లో మొదలైన పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో గ్రాఫిక్స్ స్లాటు విద్యుత్ పరిమితి 2004 నాటికి 75 వాట్లుగా స్థిరపడింది. తొలి ఐబీఎం కంప్యూటరు పవర్ సప్లై సామర్థ్యం కంటే ఇది ఎక్కువ. అయినా అది చాలలేదు. ఆరు పిన్నుల కనెక్టరు ద్వారా మరో 75 వాట్లు, ఎనిమిది పిన్నుల కనెక్టరు ద్వారా 150 వాట్లు ఇచ్చే ఏర్పాట్లు జరిగాయి. 2022లో మార్కెట్లోకి వచ్చిన పదహారు పిన్నుల 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ కనెక్టరు పరిమితి 600 వాట్లు.

ఈ కాలంలో ఒక్కో లేను వేగం సెకనుకు 2.5 గిగా ట్రాన్స్‌ఫర్ల నుండి, 2025 జూన్‌లో విడుదలైన ఏడో సంస్కరణలో 128కి, అంటే యాభై రెట్లకు పైగా పెరిగింది. 256 లక్ష్యంగా గల ఎనిమిదో సంస్కరణను 2028 నాటికి తేవాలని పీసీఐ సిగ్ ప్రకటించింది. స్లాటు ఇచ్చే 75 వాట్లు మాత్రం మారలేదు. సమాచారం స్లాటు గుండా, విద్యుత్తులో అధికభాగం కేబులు గుండా ప్రవహించే విభజన ఈ విధంగా స్థిరపడింది.

దీని పర్యవసానం 2022 చివరలో కనిపించింది. 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 కార్డులలో కొన్నింటి కనెక్టర్లు కరిగిపోయాయి. కనెక్టరును పూర్తిగా బిగించకపోవడం సాధారణ కారణమని ఎన్విడియా పేర్కొన్నది. 2023లో ప్రమాణాన్ని 12వీ-2×6 పేరుతో సవరించి, కనెక్టరు సరిగా కూర్చోనప్పుడు విద్యుత్ ప్రవాహాన్ని ఆపేందుకు సంకేత పిన్నుల పొడవు తగ్గించారు. 12 వోల్టుల వద్ద 600 వాట్లు ఇవ్వాలంటే 50 ఆంపియర్లు ప్రవహించాలి. ఆరు జతల పిన్నులకు పంచితే ఒక్కో జతకు ఎనిమిది ఆంపియర్లు దాటుతుంది. పొరపాటుకు మిగిలిన అవకాశం చాలా తక్కువ.

5. పంపిణీ చివరి కొస అనుభవం:

తక్కువ వోల్టేజి వద్ద ఎక్కువ కరెంటు పంపితే తీగలు వేడెక్కి నష్టం పెరుగుతుందన్నది గ్రామీణ విద్యుత్ పంపిణీలో అనుభవపూర్వక సత్యం. పొడవైన ఎల్‌టీ లైన్ల చివర వోల్టేజి పడిపోవడం, మోటార్లు కాలిపోవడం దీర్ఘకాల సమస్యలు. వీటికి పరిష్కారంగా ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో అధిక వోల్టేజి పంపిణీ పద్ధతిని విస్తరించారు. 11 కె.వి. లైనును పొలాల దగ్గరి వరకు తెచ్చి, కొద్ది మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు అమర్చడం ఇందులోని విధానం. వోల్టేజి రెట్టింపైతే అంతే విద్యుత్తుకు కరెంటు సగమవుతుంది, అదే తీగలో నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది.

కంప్యూటర్ రంగం ఇదే దారిలోకి వస్తున్నది. డేటా కేంద్రాలలోని కంప్యూటర్ వరుసలకు 800 వోల్టుల డీసీ సరఫరా చేసే పద్ధతిని 2027 నుండి అమలుచేయాలని ఎన్విడియా 2025లో ప్రకటించింది. ఇంటి కంప్యూటరుకు మాత్రం 12 వోల్టుల పద్ధతే కొనసాగుతున్నది. ఆర్‌టీఎక్స్ 5090 కార్డుకు 1000 వాట్ల పవర్ సప్లై ఉండాలని తయారీదారు సూచన. గ్రామాల్లో విద్యుత్ కోతల సమయంలో ఫ్యాన్లు, దీపాలు నడిపే 900 వోల్ట్ ఆంపియర్ల స్థాయి ఇన్వర్టరు అటువంటి యంత్రాన్ని పూర్తి భారంతో నడపలేదు. కార్డు ధరతో పాటు ఇన్వర్టరు, వైరింగు ఖర్చు కూడా వినియోగదారునిపైనే పడుతుంది.

6. భవిష్యత్తు – విశాఖ, తెలుగు:

జిస్ట్ కాలంలో తెలుగును తెరపైకి తేవడానికి ఒక కార్డు చాలింది. నేడు తెలుగులో పనిచేసే కృత్రిమ మేధ నమూనాలకు శిక్షణ ఇవ్వాలంటే వేల గ్రాఫిక్స్ ప్రాసెసర్లు కావాలి. 2024 మార్చిలో కేంద్ర మంత్రిమండలి 10,372 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్‌లో పదివేలకు పైగా ప్రాసెసర్ల సమీకరణ ఒక లక్ష్యం. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా కేంద్రాన్ని ప్రకటించింది. ఒక గిగావాట్ సుమారు 2.68 లక్షల అయిదు హార్స్‌పవర్ల మోటార్ల మొత్తం సామర్థ్యానికి సమానం. వ్యవసాయానికి త్రీఫేజ్ విద్యుత్తును రోజులో నిర్ణీత గంటలకే ఇస్తున్న రాష్ట్రంలో, నిరంతరాయంగా నడిచే ఇటువంటి భారాన్ని చేర్చుకోవడం సాంకేతిక నిర్ణయానికే పరిమితం కాదు. కొత్త లైన్లు, ఉపకేంద్రాల ఖర్చు ఏ వర్గం చార్జీలలో చేరుతుందన్న ప్రశ్న దానితో ముడిపడి ఉంది.

7. ముగింపు:

1. విస్తరణ ప్రమాణాలు వేగాన్ని తమ పరిధిలో ఉంచుకుని, విద్యుత్ భారాన్ని క్రమంగా బయటికి నెట్టాయి.
2. 1992లో 25 వాట్లుగా ఉన్న కార్డు పరిమితి, నేటి కార్డులో 575 వాట్లకు చేరగా, 75 వాట్లకు మించిన భాగమంతా స్లాటు వెలుపలి ఏర్పాట్లపై ఆధారపడింది.
3. ప్రమాణాలను నిర్ణయించే సభలలో తయారీ సంస్థలకు స్థానం ఉంది. పంపిణీ సంస్థలకు, చివరి కొస వినియోగదారులకు లేదు.
4. అధిక వోల్టేజి పంపిణీలో గ్రామీణ విద్యుత్ రంగం సంపాదించిన అనుభవం కంప్యూటర్ రంగ భవిష్యత్తుకు నేరుగా ఉపకరిస్తుంది.
5. చంద్రశేఖరపురం రైతు మోటారు, విశాఖ డేటా కేంద్రం ఒకే రాష్ట్ర విద్యుత్ వ్యవస్థ మీద ఆధారపడేవి. కనుక గ్రాఫిక్స్ కార్డుల చరిత్రను ఆంధ్రదేశ విద్యుత్ చరిత్రలో భాగంగానూ అధ్యయనం చేయవలసి ఉంది.