డెలాన్సీ వీధి మేస్త్రీలు

1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైటు ఇంజనీరుగా చేరిన కొత్తలో మా దగ్గర ఒక కార్పెంటరు ఉండేవాడు. యాభై దాటిన మనిషి. ఈ దేశంలో గోడలంటే చాలావరకు చెక్క చట్రాలే కదా, ఆయన రసమట్టం ఆనించకముందే కంటితో చూసి ఎక్కడ వంకర ఉందో చెప్పేసేవాడు. నేను కాకినాడలో నాలుగేళ్ళు చదివి నేర్చుకున్నదానికన్నా ఆయన పక్కన నాలుగు నెలలు నిలబడి నేర్చుకున్నదే ఎక్కువ.

ఒకరోజు లంచి టైములో మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర ఆయనకి కొంచెం పెట్టి, ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. "ఎంబార్కడేరో మీద డెలాన్సీ స్ట్రీట్ కట్టేటప్పుడు. అప్పటికి నేను హెరాయిన్ మానేసి ఏడాది" అన్నాడు, ఊరి పేరు చెప్పినంత మామూలుగా.

ఆ సాయంత్రం నేను పనిముట్ల పెట్టె తెరిచి సామాను లెక్కపెట్టాను. అంతకు ముందు ఒక్కరోజు కూడా లెక్కపెట్టి ఎరగను. అన్నీ ఉన్నాయి. తలెత్తి చూస్తే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. ఈ వ్యాసం ఆ బాకీ కింద రాస్తున్నదే అనుకోండి.

తర్వాత ఆ చరిత్ర తెలుసుకున్నాను. మత్తు మానినవాడే మానాల్సినవాడికి గురువు కావాలన్న ఆలోచనతో 1958లో చార్లెస్ డెడెరిక్ అనే ఆయన శాంటా మోనికాలో సైననాన్ అనే సంస్థ పెట్టాడు. ఆలోచన మంచిదే, కానీ ఆ సంస్థ క్రమంగా ఒక్క మనిషి మాటే వేదమైన మఠంలా మారింది. 1978లో, తమ మీద దావా గెలిచిన లాయరు ఇంటి తపాలా పెట్టెలో తాచుపాముకి తీసిపోని గిలక పాముని పెట్టేదాకా వెళ్ళారు సైననాన్ మనుషులు. 1991లో అది మూతపడింది.

ఆ సైననాన్ గుండా వచ్చినవాడే జాన్ మేహర్. తనే హెరాయిన్‌కి బానిసై బయటపడ్డవాడు. 1971లో కొద్దిమందితో శాన్‌ఫ్రాన్సిస్కోలో డెలాన్సీ స్ట్రీట్ ఫౌండేషన్ మొదలుపెట్టాడు. నేర శాస్త్రం చదివిన మిమీ సిల్బర్ట్ త్వరలోనే అతనితో కలిసింది. 1988లో మేహర్ పోయాక కూడా దశాబ్దాలపాటు ఆ ఇంటిని నడిపింది ఆవిడే. ఆ పేరు ఎక్కడిదో తెలిసినప్పుడు నాకు కాస్త చురుక్కుమంది. న్యూయార్కులో యూరప్ నించి ఓడ దిగిన బీదా బిక్కీ చేరిన పేట వీధి పేరది. జైలు నించీ మత్తు నించీ వచ్చినవాడు కూడా ఈ సమాజానికి కొత్తగా వలస వచ్చినవాడే, భాష దగ్గర్నించి నేర్చుకోవాలి అని వాళ్ళ ఉద్దేశం. రెండు సూట్‌కేసులతో దిగిన మనకి ఆ మాట అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

పద్ధతి ఇలా ఉండేది. కనీసం రెండేళ్ళు ఉండాలి. మత్తు లేదు, కొట్లాట లేదు, బెదిరింపు కూడా లేదు. జీతానికి పెట్టుకున్న డాక్టర్ల మీద కాక, ముందొచ్చినవాడు వెనకొచ్చినవాడికి నేర్పడం మీద ఇల్లు నడుస్తుంది. హైస్కూలు చదువుకి సమానమైన పరీక్ష పాసవ్వాలి, బతుకుతెరువుకి పనికొచ్చే పనులు నేర్చుకోవాలి.

1980ల చివర వాళ్ళు సముద్రపు ఒడ్డున తమ ఇల్లు తామే కట్టుకోవడానికి పూనుకున్నారు. ఆర్కిటెక్టు హోవర్డ్ బాకెన్. యూనియన్ పనివాళ్ళు వచ్చి నేర్పారు. అంతకు ముందు సుత్తి పట్టి ఎరగని దాదాపు 300 మంది అందులో చెయ్యి వేశారు. 177 అపార్టుమెంట్లు, కింద దుకాణాలు, ఒక రెస్టారెంటు. మధ్యలో 1989 అక్టోబరు 17న 6.9 తీవ్రతతో భూకంపం వచ్చింది. బే బ్రిడ్జి మీద ఒక ముక్క కూలింది. ఎంబార్కడేరో మీది ఎత్తు రోడ్డు ఎంతగా దెబ్బతిందంటే 1991లో దాన్ని పడగొట్టడం మొదలెట్టారు. వీళ్ళ ఇల్లు 1990లో పూర్తయింది, ఇంకా నిలబడే ఉంది. పాత రోడ్డుతో కొత్త ఇంటికి పోలిక ఇంజనీరుగా నాకు న్యాయం కాదనుకోండి. అయినా అటు వెళ్ళినప్పుడల్లా ఆ గోడలకేసి చూస్తాను.

ఇక్కడితో ఆపితే ఇది పొగడ్త అవుతుంది, చరిత్ర కాదు. మత్తు నించి లేచినవాళ్ళ చేత చాకిరీ చేయించుకుని బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు. అలామో ఫౌండేషన్ అనే మత సంస్థ అలాంటివాళ్ళని చేరదీసి, తిండీ బట్టా నీడా ఇచ్చి, పెట్రోలు బంకుల్లో, పందుల ఫారాల్లో, ఇంటి కప్పులు వేసే కంపెనీలో జీతం లేకుండా పని చేయించింది. 1985లో కేసు సుప్రీం కోర్టుకి వెళ్ళింది. మాకు జీతం వద్దని ఆ పనివాళ్ళే సాక్ష్యం చెప్పారు. కోర్టు ఒప్పుకోలేదు. వద్దనిపించే అవకాశం యజమానికి ఇస్తే చట్టమే మిగలదంది.

డెలాన్సీలో కూడా ఉన్నన్నాళ్ళూ జీతాల్లేవు, సంపాదన అంతా ఉమ్మడి. మరి తేడా ఏమిటి? నాకు తోచిన తూకం ఒకటే. కట్టిన ఇంట్లో ఎవరుంటున్నారు? వెళ్ళేవాడి చేతిలో ఏ పని మిగిలింది? మా కార్పెంటరు తను కట్టిన ఇంట్లోనే పడుకున్నాడు. బయటికి వచ్చేటప్పుడు రెండు చేతులనిండా పని తెచ్చుకున్నాడు. ఈ రెండు ప్రశ్నలకీ జవాబు లేని చోట శిక్షణ అన్న మాట వాడకూడదు.

పని నేర్పడంతో కథ అయిపోతుందని కూడా అనుకోకండి. నడుం పట్టేసినా మర్నాడు సైటుకి రావాల్సిందే, రాకపోతే కూలి లేదు. అందుకని నొప్పి మాత్ర. ఆ మాత్ర నించి మళ్ళీ పాత దారి. మసాచుసెట్స్ ఆరోగ్య శాఖ 2018లో ఇచ్చిన రిపోర్టులో, నల్లమందు జాతి మందులతో పోయినవాళ్ళ రేటు నిర్మాణ, గనుల పనివాళ్ళలో మొత్తం కార్మికుల సగటుకి ఆరు రెట్లుంది.

ఇది చదివినప్పుడు మా ఊరి తాపీ మేస్త్రి గుర్తొచ్చాడు. మా ఇల్లు కట్టింది ఆయనే. శనివారం బట్వాడా అందగానే సారా కొట్టుకి నడిచేవాడు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు మొదలెట్టిన పోరాటం వల్ల మర్నాడే కాకపోయినా 1993లో సారా పోయింది. 1995లో మద్యం మొత్తం పోయింది, 1997లో తిరిగొచ్చింది. ఆ తల్లులు చెయ్యాల్సింది చేశారు. కానీ కొట్టు మూసిన సాయంత్రం ఆ మేస్త్రి ఎక్కడికి వెళ్ళాలో మేమెవరం ఆలోచించలేదు. ఆయనకి పని వచ్చు. కూర్చోడానికి చోటే లేదు.

నేను సామాను లెక్కపెట్టిన మర్నాడు పొద్దున్న పెట్టె తెరిస్తే, మూత లోపలివైపు పెన్సిలుతో రాసిన జాబితా ఉంది. సుత్తులు ఇన్ని, ఉలులు ఇన్ని, రసమట్టాలు రెండు. "నీకు లెక్క తేలికవుతుందని రాశాను" అన్నాడు కార్పెంటరు. నేను క్షమించమని అడగలేకపోయాను. ఆయన రిటైరయ్యేదాకా ఆ జాబితా అక్కడే ఉంది. మళ్ళీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు.