ఒప్పుకొను

కిందటేడు ఒక పరిశోధక విద్యార్థిని తన సమ్మతి పత్రంలో తెలుగు ఒకసారి చూసిపెట్టమని నా దగ్గరికి వచ్చింది. మన్యం ఊళ్లలో బాలింతలు ఏం తింటున్నారన్నది ఆమె పరిశోధన. అంతా సిద్ధమే. విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ మాత్రం ఒక మాట దగ్గర ఆగింది. పత్రం చివర ఆమె "ఒప్పుకుంటున్నాను" అని రాసింది. "ఇదేదో తప్పు ఒప్పుకున్నట్టుంది, బాలింత చేత ఈ మాట అనిపిస్తామా?" అని ఒక సభ్యురాలు అడిగారట. ఆవిడ డాక్టరూ కాదు, శాస్త్రవేత్తా కాదు. అలాంటి మామూలు మనిషి ఒకరైనా కమిటీలో ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ నియమం ఎందుకు పెట్టారో ఆ ఒక్క ప్రశ్నతో నాకు తెలిసింది.

"సమ్మతిస్తున్నాను అని మార్చేస్తే సరిపోతుంది కదా సార్?" అంది ఆ అమ్మాయి. సరిపోతుంది. కానీ ఊళ్లో ఏ తల్లీ "సమ్మతిస్తున్నాను" అనదు.

సమ్మతి, అనుమతి రెండూ మతి నుంచి వచ్చినవే. తలచడం అనే ధాతువు రెంటికీ మూలం. కమిటీ ఇచ్చేది అనుమతి. అమరకోశంలో ఈ మాటకు ఇంకో అర్థం ఉంది: ఒక్క కళ తక్కువైన పున్నమిని అనుమతి అంటారు, నిండు పున్నమి రాక. పరిశోధన చేసేవారందరికీ ఈ అర్థం చెప్పాలనిపిస్తుంది నాకు. కమిటీ సంతకం చేసిన కాగితానికి ఇంకా ఒక కళ తక్కువే. అది ఊళ్లో, ఎవరి అరుగు మీదో కూర్చుని అడిగి తెచ్చుకోవలసింది.

ఆ అరుగు మీద వినిపించే మాట ఒప్పు. తప్పొప్పుల్లో ఒప్పు అంటే సరైనది. ఒప్పులాడి అంటే అందగత్తె. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో తగి ఉండడం, శోభించడం, సమ్మతించడం అన్నీ ఈ ఒక్క మాట కిందే దొరుకుతాయి. కన్నడంలో ఒప్పిగె అంటే సమ్మతి. తమిళంలో ఒప్పు అంటే పోలిక. మలయాళంలోనైతే ఒప్పు అంటే ఏకంగా సంతకమే. మనసుకు తగినదనిపించడం దగ్గర మొదలైన మాట కాగితం మీద సిరాగుర్తి దాకా నడిచింది.

తెలుగులో దాని బతుకంతా వెనక చేరే ప్రత్యయంలో ఉంది. ఒప్పుకొను, ఒప్పించు, ఒప్పగించు, ఒప్పజెప్పు. "కొను" చేరితే పని తనకోసం తాను చేసేది. "ఇంచు" చేరితే ఇంకొకరు చేయించేది. ఒప్పగించడంలో మనిషే చేతులు మారిపోతుంది. ఒప్పజెప్పడమంటే పిల్లవాడు ఎక్కాలు చదివినట్టు, అర్థంతో పనిలేకుండా గడగడా అనేయడం కూడా. సమ్మతి పత్రాన్ని అలా ఒప్పజెప్పి వేలిముద్ర వేయించుకొచ్చేవాళ్లను నేను చూశాను.

ఈ ప్రత్యయాల తేడా మనకు ఎంత ఖరీదైనదో అప్పటి ఖమ్మం జిల్లాకు తెలుసు. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు, పద్నాలుగు వేల మంది దాకా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. పిల్లల మరణాల వార్తలు, నిరసనలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలింది సమ్మతి సంగతి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది: చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

అక్కడి తల్లిదండ్రులు పిల్లను హాస్టల్లో దింపి, వార్డెన్ చేతికి ఒప్పజెప్పి, అడవి దారిన ఇంటికి వెళ్లిపోతారు. అన్నం పెట్టమని, చదువు చెప్పమని ఒప్పజెబుతారు. ఆ ఒప్పగింతనే ఒప్పుకోలు కింద రాసేసుకున్నారు. తండ్రి "కొను" అనాల్సిన చోట వార్డెన్ కలం ఆడింది. టీకా మంచిదే కావచ్చు. అయినా ఆ 2,763 సంతకాలను తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది.

పన్నెండు దాటిన పిల్లల విషయంలో ఇప్పుడు తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల అంగీకారమూ రాతపూర్వకంగా ఉండాలి. ఏడు దాటిన పిల్లల దగ్గర నోటిమాటైనా తీసుకోవాలి. చదువురాని మనిషి వేలిముద్ర వేస్తుంటే పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఎప్పుడైనా మానుకోవచ్చని చెప్పాలి. మానుకోవడంలోనూ "కొను" ఉంది చూడండి.

చివరికి ఆ విద్యార్థిని, నేను కూర్చుని ఆ వాక్యాన్ని ఇలా దిద్దాం: "విన్నాను, అడగాల్సినవి అడిగాను, ఇందులో చేరడానికి ఒప్పుకుంటున్నాను." చేరడానికి అన్న మాట ముందు పడేసరికి తప్పు ఒప్పుకున్న ధ్వని పోయింది. దాని కింద ఇంకో గడి గీయమన్నాను: "ఒప్పుకోను." నిఘంటువులో క్రియ ఒప్పుకొను, కాదనే మాట ఒప్పుకోను. కొకు దీర్ఘమిస్తే చాలు.

రెండు నెలలకు అనుమతి వచ్చింది. ఆమె వెళ్లిన మొదటి ఇంట్లో బాలింత ఒళ్లో బిడ్డను ఊపుతూ మొత్తం విన్నది. రెండు ప్రశ్నలు అడిగింది. ఆపైన, "ఇప్పుడు నాకు కుదరదమ్మా, నేనొప్పుకోను" అన్నది. ఆ అమ్మాయి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి, పక్కింటికి నడిచింది.