బెస్ దొరసాని గాజు మేడ

ఇంగ్లండులో నాటింగ్‌హామ్ నుంచి షెఫీల్డ్ వైపు ఎమ్1 రోడ్డు మీద వెళ్తుంటే, కుడిచేతి పక్క గుట్ట మీద ఆరు బురుజుల మేడ కనబడుతుంది. సాయంత్రం ఎండ పడితే ఆ గోడంతా ధగధగలాడుతుంది. అదే హార్డ్‌విక్ హాల్. మన హైదరాబాదులో చార్మినార్ లేస్తున్న రోజుల్లోనే, 1590లో, దీనికి పునాది తవ్వారు. 1597లో గృహప్రవేశం.

కట్టించింది ఒక ఆడమనిషి. బెస్ అంటారు. ఓ మోస్తరు భూస్వామి ఇంట పుట్టి, నలుగురిని పెళ్లాడి, ఎలిజబెత్ రాణి కాలంలో ఇంగ్లండులోని మహా సంపన్నుల్లో ఒకతె అయింది. నాలుగో భర్త ష్రూస్‌బరీ ప్రభువు 1590లో పోయాడు. పక్కనే పుట్టిల్లు ఉంది, దాన్ని పెంచి కట్టే పని ఇంకా పూర్తే కాలేదు. అయినా కొత్త మేడ మొదలుపెట్టింది. పాతది ఇప్పుడు పైకప్పు లేని మొండిగోడలు.

నమూనా గీసినవాడు రాబర్ట్ స్మిత్‌సన్ అని చరిత్రకారుల మాట. అంతకుముందు ఇళ్లలో పెద్ద హాలు ముఖభాగం వెంబడి అడ్డంగా ఉండేది. ఇక్కడ దాన్ని ఇంటి నడుమ ముందునుంచి వెనక్కి పెట్టారు. దాంతో రెండు పక్కలూ తూచినట్టు సమానంగా కుదిరాయి. ఇటలీ గాలి ఇంగ్లండు పల్లెకు తగిలిందన్నమాట.

అసలు సంగతి కిటికీలది. కింది అంతస్తులో నౌకర్లు, అక్కడ కిటికీలు పొట్టివి. నడిమి అంతస్తులో బెస్ కాపురం, అక్కడ కాస్త పొడవు. పై అంతస్తు రాజోపచారాలకు, అక్కడివి అన్నిటికన్నా పొడవు. హోదా ఎటు పెరుగుతుందో బయట నిలబడే చెప్పేయొచ్చు. ఆ రోజుల్లో గాజంటే మాటలు కాదు. చిన్న చిన్న ముక్కల్ని సీసపు పట్టీలతో అతికి కిటికీ నింపాలి. రాయీ, సీసమూ, గాజూ అన్నీ ఆవిడ సొంత వనరులే కాబట్టి చెల్లింది. కొన్ని కిటికీలైతే ఉత్తుత్తివి, గాజు వెనక ఉన్నది గోడే! బయటి పొందిక చెడకూడదు, అంతే. ఈ దేశపు చలిలో అంత గాజు మధ్య ఎలా బతికారో నాకైతే అంతుబట్టదు.

ఇంతా చేస్తే ఎలిజబెత్ రాణి ఇక్కడికి రానే లేదు. బెస్ మనవరాలు అరబెల్లా స్టూవర్ట్‌కు సింహాసనం మీద హక్కుండేది, ఆ ఆశా ఫలించలేదు. బురుజుల కొసన మాత్రం ఆకాశం కనబడేలా చెక్కిన రాతి అక్షరాలు నిలిచాయి: ఇ, ఎస్. ఎలిజబెత్ ష్రూస్‌బరీ. అంటే బెస్సే.

1950లో బెస్ వంశీకుడైన డెవన్‌షైర్ డ్యూక్ పోయాక వారసత్వపు పన్ను కింద మేడ సర్కారుకు జమైంది, 1959లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది. పై అంతస్తు పొడవాటి గ్యాలరీలో బైబిలు వీరుడు గిడియన్ కథను నేసిన పదమూడు టాపెస్ట్రీలు, అంటే గోడకు వేలాడే నేతచిత్రాలు, ఉన్నాయి. బెస్ వాటిని ఇంకో పెద్దమనిషి వారసుల దగ్గర కొని, అతని కుటుంబ చిహ్నాల మీద తనవి అతికించింది. అందుకయ్యే ఖర్చు చూపి ధరలో తగ్గింపు కూడా పుచ్చుకుంది! వాటిని బాగుచేసే పని 24 ఏళ్లు సాగి 2023లో ముగిసింది. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందని ఇప్పుడు ఆ మహా కిటికీలకు తెరలు దించే ఉంచుతున్నారు.