రూట్: పగలగొట్టిన దారి

లాటిన్‌లో ‘రుప్తా’ అంటే పగిలినది. ‘వియా రుప్తా’ అంటే అడ్డొచ్చినదాన్ని పగలగొట్టి వేసిన బాట. అదే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో రూట్ అయింది. ‘ఈ రూట్లో బస్సుల్లేవు’ అంటూ తెలుగులోకీ వచ్చి, ఇప్పుడు ఫైర్‌వాల్‌లో కూర్చుంది. 2001 దాకా రాయి పగలగొట్టి బంగారం తీసిన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లో ఈ పుట్టుక ఎవరికీ వింత కాదు.

అక్కడి కోరమండల్ స్టేషన్నే చూడండి. ఒకపక్క ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం; ఆపైన పట్టాల్లేవు. ఆ మూడూ కాక రైల్లో ఇంకెక్కడికెళ్లాలన్నా, బెంగళూరైనా చెన్నై అయినా, బంగారపేట వైపే ఎక్కాలి. ఫైర్‌వాల్‌లోనూ అంతే. ‘10.20.0.0/16కి ఫలానా గేట్‌వే’ అని చేత్తో రాసిపెట్టేది స్టాటిక్ రూట్. ‘మిగతావన్నీ ఇటు’ అనేది డిఫాల్ట్ రూట్, 0.0.0.0/0. రెండూ సరిపోయినప్పుడు చిరునామాను కచ్చితంగా చెప్పిందే గెలుస్తుంది, సున్నాల వరుస ఆఖర్న.

డిఫాల్ట్‌ది మరీ చిత్రమైన బతుకు: పాత ఫ్రెంచిలో లోపం, కోర్టులో గైర్హాజరు, బ్యాంకులో ఎగవేత. ఫైర్‌వాల్‌లో మాత్రం ఎవరూ లేనప్పుడు పని నెట్టుకొచ్చేది.

రూట్ రాసినంత మాత్రాన ప్యాకెట్ కదలదు; ఫైర్‌వాల్ పాలసీ కూడా ఒప్పుకోవాలి. పింగ్ వెళ్లి జవాబు రాలేదా? అవతలి రూటర్లో తిరుగుదారి రాశారో లేదో చూడండి.