వేలంలో గెలిచి, మాట దగ్గర ఓడిన జట్టు

2012 మే 20, ఆదివారం. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో డెక్కన్ ఛార్జర్స్ 132 పరుగులే చేసింది. బెంగళూరు గెలిస్తే ప్లేఆఫ్‌కు వెళ్తుంది. డేల్ స్టెయిన్ నాలుగు ఓవర్లు వేసి ఎనిమిది పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. బెంగళూరు 123 దగ్గర ఆగిపోయింది. తొమ్మిది జట్లలో అట్టడుగున ఉన్న జట్టు, పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని జట్టు, ఆఖరి మ్యాచ్‌ను ప్రాణం పెట్టి ఆడి గెలిచింది. ఆ పేరుతో ఆ జట్టు మళ్లీ మైదానంలోకి దిగలేదు. నాలుగు నెలలు తిరక్కుండానే డెక్కన్ ఛార్జర్స్ అనే జట్టే లేకుండా పోయింది.

ఈ కథను సిరోంచలో కూర్చుని చెప్పుకోవడానికి మాకు హక్కుంది. ప్రాణహిత ఒడ్డున, గోదావరికి ఇవతల ఉన్నవాళ్లం. జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. సర్కారు ముంబైలో ఉంటుంది, హైకోర్టు బెంచి నాగ్‌పూర్‌లో ఉంటుంది, చుట్టాలు మాత్రం ఏరు దాటితే కాళేశ్వరం, మంథని, మంచిర్యాల వైపు ఉంటారు. ఐపీఎల్ వచ్చినప్పుడు లెక్క ప్రకారం మా జట్టు ముంబై. మనసు ప్రకారం మాలో ఎందరికో హైదరాబాదే. 2010లో తెలంగాణ ఉద్యమం కారణంగా హైదరాబాద్‌లో మ్యాచ్‌లు జరపలేని పరిస్థితి వచ్చినప్పుడు ఛార్జర్స్ కటక్‌లో, నవీ ముంబైలో, మా విదర్భలోని నాగ్‌పూర్ జామ్‌ఠా మైదానంలో సొంతిల్లు వెతుక్కుంది. ఇల్లు వదిలి తిరిగిన జట్టును ఇంటికి దూరంగా బతికే తెలుగువాళ్లు సొంతం చేసుకోవడంలో వింతేముంది?

2008 జనవరి 24న ముంబైలో ఫ్రాంచైజీల వేలం జరిగింది. డెక్కన్ క్రానికల్ సంస్థ హైదరాబాద్ జట్టును 10.7 కోట్ల డాలర్లకు దక్కించుకుంది. ముంబై, బెంగళూరు తర్వాత అదే పెద్ద ధర. అప్పట్లో ఇంగ్లీషులో డెక్కన్ క్రానికల్, తెలుగులో ఆంధ్రభూమి నడిపిన పత్రికా సంస్థ అది. మన పత్రికవాళ్లు మన జట్టు కొన్నారని తెలుగువాళ్లు సంబరపడ్డారు.

ఫిబ్రవరి 20న ఆటగాళ్ల వేలం. ఒక్కో జట్టు ఖర్చుకు 50 లక్షల డాలర్ల హద్దు ఉంది. కొన్ని జట్లకు సొంతూరి మహా ఆటగాణ్ని 'ఐకాన్'గా పెట్టుకునే వీలుండేది. ఆ ఐకాన్‌కు జట్టులో అత్యధిక ధర పలికిన ఆటగాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. ముంబైకి సచిన్, కోల్‌కతాకు గంగూలీ, బెంగళూరుకు ద్రావిడ్, ఢిల్లీకి సెహ్వాగ్, మొహాలీకి యువరాజ్. హైదరాబాద్‌కు వి.వి.ఎస్. లక్ష్మణ్ ఉండాల్సింది. కానీ లక్ష్మణ్ ఆ హోదాను తానే వదులుకున్నాడు. తనకు పోయే డబ్బుతో మంచి ఆటగాళ్లను కొనుక్కోమన్నాడు. ఆండ్రూ సైమండ్స్‌ను ఛార్జర్స్ 13.5 లక్షల డాలర్లకు కొన్నది. లక్ష్మణ్ ఐకాన్‌గా ఉండి, ఆ కొనుగోలూ జరిగి ఉంటే ఆయనకు 15.5 లక్షల డాలర్లు దక్కేవి. తీసుకున్నది 3.75 లక్షలు. ఐపీఎల్ చరిత్రలో ఒక ఆటగాడు జట్టు కోసం చేసిన అంత పెద్ద త్యాగం మరొకటి నాకు తోచదు.

ఆ డబ్బుతో జట్టు నిండింది. గిల్‌క్రిస్ట్ 7 లక్షలు, ఆర్.పి. సింగ్ 8.75 లక్షలు, రోహిత్ శర్మ 7.5 లక్షలు, షాహిద్ అఫ్రీది 6.75 లక్షలు, హెర్షెల్ గిబ్స్ 5.75 లక్షలు. కాగితం మీద అంతకంటే భయపెట్టే జట్టు లేదు. మైదానంలో అంతకంటే దిక్కులేని జట్టూ లేదు. 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. హైదరాబాద్‌లో ఆడిన ఏడు మ్యాచ్‌లూ ఓడింది.

వాటిలో ఏప్రిల్ 24 నాటి మ్యాచ్ చాలు, ఆ ఏడాదంతా ఎలా గడిచిందో చెప్పడానికి. సైమండ్స్ 117 పరుగులతో అజేయంగా నిలిచి జట్టు స్కోరును 214కు చేర్చాడు. రాజస్థాన్‌కు చివరి ఓవర్లో 17 పరుగులు కావాలి. బంతి సైమండ్స్ చేతికే వచ్చింది. ఎదురుగా షేన్ వార్న్. ఒక ఫోరు, రెండు సిక్సర్లు. ఒక బంతి మిగిలి ఉండగానే మ్యాచ్ అయిపోయింది. రోజంతా మోసినవాడే చివర కూలాడు. వార్న్, సైమండ్స్ ఇద్దరూ 2022లో రెండు నెలల తేడాలో కన్నుమూశారు. ఆ ఓవర్ ఇప్పుడు తలచుకుంటే గెలుపోటములు గుర్తుకు రావు, ఆ ఇద్దరే గుర్తుకొస్తారు.

లక్ష్మణ్ సారథ్యంలో ఆడిన ఆరు మ్యాచ్‌లలో జట్టు ఒకటే గెలిచింది. తర్వాత గాయంతో ఆయన బయటికి వెళ్లాడు. పగ్గాలు గిల్‌క్రిస్ట్‌కు వచ్చాయి, మరుసటి ఏడాదికి ఖాయమయ్యాయి. టెస్టుల్లో మణికట్టు మాయ చూపిన మనిషి ఇరవై ఓవర్ల ఆటకు సరిపోలేదన్నారు. క్రికెట్ లెక్కలో అది తప్పుడు నిర్ణయం కాకపోవచ్చు. కానీ జట్టు కోసం తన వాటా వదులుకున్న మనిషిని ఏడాది తిరగకముందే పక్కకు జరపడం చూసి తెలుగువాళ్ల మనసు చివుక్కుమంది.

గిల్‌క్రిస్ట్, కొత్త కోచ్ డారెన్ లేమన్ చేసిన పని వేలం పలకల మీద కనబడేది కాదు. 2009 వేలంలో వాళ్లు పెద్ద పేర్ల వెంట పడలేదు. ఫిడెల్ ఎడ్వర్డ్స్‌ను లక్షన్నర డాలర్లకు, డ్వేన్ స్మిత్‌ను లక్షకు తీసుకున్నారు. ఉన్నవాళ్లకు చోటు చూపించారు, నమ్మకం ఇచ్చారు. ఎన్నికల కారణంగా ఆ ఏడాది టోర్నీ దక్షిణాఫ్రికాకు వెళ్లింది. సొంత మైదానంలో ఒక్కటీ గెలవని జట్టుకు పరాయి నేల కలిసొచ్చింది. ముంబై మీద రోహిత్ బంతి పట్టి హ్యాట్రిక్ తీశాడు. కోల్‌కతా మీద చివరి ఓవర్లో 21 పరుగులు కావాల్సి ఉండగా ఆఖరి బంతిని సిక్సర్‌గా మలిచి గెలిపించాడు. సెమీఫైనల్లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు.

మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. గిల్‌క్రిస్ట్ మొదటి ఓవర్లోనే కుంబ్లే బంతికి సున్నాకు వెనుదిరిగాడు. గిబ్స్ 53 పరుగులతో నిలబడ్డాడు. 143 పరుగులను కాపాడుకోవాలి. చివరి ఓవర్లో 15 పరుగులు కావలసిన బెంగళూరును ఆర్.పి. సింగ్ కట్టడి చేశాడు. ఆరు పరుగుల తేడాతో డెక్కన్ ఛార్జర్స్ ఐపీఎల్ విజేత. నిరుడు అట్టడుగున ఉన్న జట్టు ఈ ఏడు శిఖరం మీద. నాయకుడు సున్నాకు ఔటైనా జట్టు గెలిచిందంటే, అదే ఆ నాయకత్వానికి అసలైన రుజువు. ఆ టోర్నీలో 23 వికెట్లతో, అందరికంటే ఎక్కువ వికెట్లు తీసినవాడికిచ్చే ఊదా టోపీ ఆర్.పి. సింగ్‌ది, ఉత్తమ ఆటగాడి గౌరవం గిల్‌క్రిస్ట్‌ది.

2010లో ఇల్లు లేకపోయినా వరుసగా ఐదు మ్యాచ్‌లు గెలిచి సెమీఫైనల్ చేరారు. వాటిలో రెండు నాగ్‌పూర్‌లోనే, చెన్నై మీద, బెంగళూరు మీద. ప్రజ్ఞాన్ ఓజా 21 వికెట్లతో ఊదా టోపీ పెట్టుకున్నాడు. సెమీస్‌లో చెన్నై చేతిలో ఓడారు. అయినా అప్పటికి అది ఒక జట్టు. ఒకరి బలహీనత మరొకరికి తెలిసిన జట్టు. ఎవరు ఎప్పుడు బంతి అడుగుతారో, ఎవరు అడక్కుండానే ఇవ్వాలో తెలిసిన జట్టు.

2011 జనవరిలో దాన్ని యాజమాన్యమే విప్పేసింది.

ఆ నెల బెంగళూరులో మళ్లీ పెద్ద వేలం. ప్రతి జట్టూ నలుగురి వరకు పాతవాళ్లను అట్టిపెట్టుకోవచ్చు. మొదటి ఆటగాడికి పర్సులోంచి 18 లక్షల డాలర్లు తగ్గిస్తారు. చెన్నై ధోనీ, రైనా, విజయ్, మోర్కెల్‌లను ఉంచుకుంది. ముంబై సచిన్, హర్భజన్, పొలార్డ్, మలింగలను ఉంచుకుంది. బెంగళూరు 22 ఏళ్ల విరాట్ కోహ్లీ ఒక్కణ్ని ఉంచుకుంది. ఒకసారి కప్పు గెలిచి, మరోసారి సెమీస్ ఆడిన డెక్కన్ ఒక్కరినీ ఉంచుకోలేదు.

గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు పోయాడు. సైమండ్స్ ముంబైకి పోయాడు. ఆర్.పి. సింగ్ కొచ్చికి పోయాడు. లక్ష్మణ్ కూడా కొచ్చికే. హైదరాబాద్ జట్టు కోసం త్యాగం చేసిన మనిషి చివరికి కేరళ జెర్సీ తొడుక్కున్నాడు. రోహిత్‌ను ముంబై 20 లక్షల డాలర్లకు కొన్నది. అదే వేలంలో డెక్కన్ కామెరాన్ వైట్‌కు 11 లక్షలు, డాన్ క్రిస్టియన్‌కు 9 లక్షలు పెట్టింది. రెండూ కలిపితే సరిగ్గా 20 లక్షలు.

రోహిత్ మా విదర్భ బిడ్డ, నాగ్‌పూర్‌లో పుట్టాడు. తల్లిది విశాఖపట్నం, తెలుగు మాట్లాడతాడు. 18 లక్షలకు ఆగిపోయేవాడు. 2013 నుంచి ముంబైకి సారథిగా ఐదు కప్పులు గెలిచాడు. ఆ నాయకుడు మొదటి మూడేళ్లు గిల్‌క్రిస్ట్ పక్కన నిలబడి ఆట నేర్చుకున్నది మన డ్రెస్సింగ్ రూములోనే. చేతిలో ఉన్న నాయకుణ్ని గుర్తుపట్టలేని యాజమాన్యానికి, బజారులో నాయకుడు ఎంత డబ్బు పెట్టినా దొరకడు.

కొత్త జట్టులో గొప్పవాళ్లు లేరని కాదు. స్టెయిన్ ఉన్నాడు, సంగక్కర ఉన్నాడు, ధవన్, అమిత్ మిశ్రా ఉన్నారు. సంగక్కర వంటి వివేకి పగ్గాలు పట్టినా, అతనిది తాను ఎంచుకున్న జట్టు కాదు, కలిసి కష్టపడిన జట్టూ కాదు. 2011లో పది జట్లలో ఏడో స్థానం. 2012 మొదలవకముందే ఓజా కూడా ముంబైకి వెళ్లాడు. ఆ ఏడాది సంగక్కర కొన్ని మ్యాచ్‌లకు బయట కూర్చుంటే వైట్ జట్టును నడిపాడు. నాలుగు గెలుపులు, పదకొండు ఓటములు.

ఇంతలో యాజమాన్యం అప్పుల్లో మునిగిపోతోంది. జట్టు ఆస్తులు బ్యాంకులకు తాకట్టులోకి వెళ్లాయి. ఆటగాళ్లకు రావలసిన జీతాలు ఆగాయి. ఎవరెంత విలువ చేస్తారో తూకం వేసి కొన్న సంస్థ, తాను సంతకం చేసిన కాగితానికే విలువ ఇవ్వలేకపోయింది. ప్రాణహిత వరదలో గట్టు ఒకచోట తెగితే చేను మొత్తం పోయినట్టు, జీతం ఆగిన చోటి నుంచి జట్టు మొత్తం కొట్టుకుపోయింది.

సెప్టెంబరు 13న జట్టును అమ్మకానికి పెడితే పి.వి.పి. వెంచర్స్ ఒక్కటే 900 కోట్లతో ముందుకొచ్చింది. చెల్లింపు షరతులు నచ్చక దాన్ని తోసిపుచ్చారు. మర్నాడే క్రికెట్ బోర్డు ఫ్రాంచైజీని రద్దు చేసింది. సంస్థ బాంబే హైకోర్టుకెక్కింది. వంద కోట్ల బ్యాంకు గ్యారంటీ ఇస్తే జట్టు నిలుస్తుందని కోర్టు గడువిచ్చింది. గడువు పొడిగించినా గ్యారంటీ రాలేదు. నాలుగేళ్ల కిందట జట్టు కోసం 10.7 కోట్ల డాలర్లు పాడిన సంస్థకు వంద కోట్ల రూపాయలకు పూచీపడేవాడు దొరకలేదు. అక్టోబరు 25న సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున హైదరాబాద్ ఫ్రాంచైజీని దక్కించుకుంది. డిసెంబరులో దానికి సన్‌రైజర్స్ అని పేరు పెట్టారు.

రద్దు చేసిన తీరు మీద వివాదం అక్కడితో ఆగలేదు. గడువు తీరకుండానే రద్దు చేశారంటూ 2020లో మధ్యవర్తి, బోర్డు 4,800 కోట్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చారు. 2021 జూన్‌లో బాంబే హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఎవరిది న్యాయమైనా, ఆ కాగితాల్లో జట్టు మాత్రం తిరిగి రాలేదు. ఐదేళ్లలో 75 మ్యాచ్‌లు, 29 గెలుపులు, 46 ఓటములు, ఒక కప్పు. డెక్కన్ ఛార్జర్స్ ఆస్తి పట్టీ అంతే.

సన్‌రైజర్స్ 2013లో లక్ష్మణ్‌ను మార్గదర్శిగా పిలిచింది. 2016లో కప్పు గెలిచింది. హైదరాబాద్ ఆయనకు కొంతైనా తిరిగిచ్చినందుకు సంతోషం.

ఈ పతనానికి దురదృష్టం కారణం కాదు. ఆటగాడి ధర చూసినవాళ్లు ఆ ఆటగాడు తోటివాళ్లకు ఏమిస్తున్నాడో చూడలేదు. నాయకుణ్ని ఒక పదవిగా చూశారు, జట్టు కట్టే మనిషిగా చూడలేదు. అన్నిటికంటే పెద్దది, ఒప్పందం రెండువైపులా కట్టుబడాల్సినదని మరచిపోయారు. కప్పు గెలిచిన జట్టును ముందు వేలంలో విడగొట్టారు, తర్వాత అప్పుల్లో ముంచారు. ఇది యాజమాన్యం చేసిన తప్పు. శిక్ష మాత్రం ఆటగాళ్లకు, ఆ జట్టును ప్రేమించినవాళ్లకు పడింది.

ఇప్పుడు క్రికెట్‌తో పాటు కబడ్డీలోనూ లీగులు వచ్చాయి. గడ్చిరోలి పల్లెల్లో, గోదావరికి అటూ ఇటూ, పరుగెత్తే కాళ్లకు, కూత పెట్టే గొంతులకు కొదవ లేదు. రేపు మన పిల్లల్లో ఎవరి ముందైనా ఒక జట్టు కాంట్రాక్టు పెడితే, తల్లిదండ్రులారా, అంకె ఒక్కటే చూసి సంతకం చేయించకండి. డబ్బు ఏ తేదీన వస్తుందో, రాకపోతే ఎవరు పూచీయో, గాయపడితే ఎవరు చూస్తారో చదివించుకోండి. జట్టును నడిపేది ఎవరో, ఆ మనిషి మాట నిలబెట్టుకునేవాడో కాదో కనుక్కోండి. ఆ తర్వాతే పెన్ను పట్టించండి.