అమ్మ మడిలో ఉంది: ఒక మాట, రెండు చరిత్రలు

"అమ్మ మడిలో ఉంది" అనే మాట తెలుగునాట రెండు రకాల ఇళ్ళలో వినబడుతుంది. అగ్రహారంలో దానర్థం, తల్లి మడిబట్ట కట్టుకుని వంటింట్లో ఉంది, కన్నపిల్లలైనా సరే ముట్టుకోవద్దని. మాలవాడలో, మాదిగవాడలో అదే మాటకి అర్థం తల్లి మోకాలిలోతు బురదలో దిగి నాటు వేస్తోందని. బ్రౌను 1852లో అచ్చువేసిన నిఘంటువులో ఈ రెండర్థాలూ ఉన్నాయి. రెండింటికీ మూలం ఒకటేనని మేం వాదించబోవడం లేదు, అది భాషాశాస్త్రజ్ఞుల పని. ఒక మడిని సాగుచేసినవాళ్ళని ఇంకో మడి ఎందుకు బయట నిలబెట్టింది అన్నదే మా ప్రశ్న.

అతిగా పద్ధతులు పాటించేవాణ్ణి వెక్కిరించడానికి తెలుగులో మాటలకి కొదవలేదు. ఛందస్సు అంటే వేదం, వేదం చదివినవాడు ఛాందసుడు. గౌరవంగా పుట్టిన ఆ మాట జనం నోట్లో నలిగి చాదస్తమై కూర్చుంది. 'శిష్టుడు' మాత్రం ఇంకా తప్పించుకు తిరుగుతున్నాడు. సవరల మధ్య తిరిగి వాళ్ళ భాషకి వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి నడిపిన ఉద్యమం కూడా శిష్టజనుల వ్యావహారికం దగ్గరే ఆగిందని మనం మర్చిపోకూడదు. ఇక "మడి కట్టుకు కూర్చున్నాడు" అంటే, పదిమందిలోకి రాకుండా, తనకేదో అంటుకుంటుందని ముడుచుకు కూర్చునేవాడు. ఈ వెక్కిరింతలో ఒక చిక్కుంది. మడిని, చాదస్తాన్ని ఆటపట్టించిన సాహిత్యం చాలావరకు ఆ కులాల లోపలివాళ్ళు రాసుకున్నదే. వాళ్ళకది బామ్మగారి ముచ్చట. బావిగట్టు కింద కుండ పెట్టుకుని ఎవరో ఒకరు వచ్చి నాలుగు చేదలు పొయ్యకపోతారా అని ఎదురుచూసినవాళ్ళకి అది ముచ్చట కాదు.

మడి ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. చాకలి ఉతికి తెచ్చిన బట్ట మడికి పనికిరాదు. దాన్ని మళ్ళీ నీళ్ళలో జాడించి, ఎవరూ తగలని చోట దండెం మీద కర్రతో ఆరేసుకోవాలి. పట్టుబట్టకైతే రోజూ తడిపే పని లేదు, ఖరీదైన బట్టకి నియమం కూడా సులువు! బియ్యానికి మైల లేదు, అన్నానికి ఉంది. కోసింది, నూర్చింది, దంచింది మాలమాదిగ ఆడవాళ్ళే అయినా గింజ పొయ్యిమీదికి ఎక్కేదాకా ఏ అభ్యంతరమూ లేదు. అంటే మడి మనుషుల్ని దూరంగా పెట్టిందే గాని వాళ్ళ కష్టాన్ని ఏనాడూ దూరంగా పెట్టలేదు.

పక్క భాష వైపు చూస్తే ఇంకో విడ్డూరం తెలుస్తుంది. కన్నడంలో మడి అంటే ఉతికిన శుభ్రమైన బట్ట కూడా, చాకలికి అక్కడ 'మడివాళ' అని పేరు. పన్నెండో శతాబ్దంలో బసవడి వెంట నడిచిన శరణుల్లో మడివాళ మాచయ్య ఒకడు. మన తెలంగాణ చాకలివాళ్ళు మడేలయ్యని కులదైవంగా కొలుస్తారు. మడి అన్న మాట ఎవరి పేరులో ఉందో, వాళ్ళ చేతి ఉతుకే మడికి చెల్లకుండా పోయింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖ్‌ని ఎదిరించింది ఆ మడి కోసం కాదు, పంట పండే మడి కోసం.

ఇక ఖమ్మం, భద్రాచలం అడవి అంచుకి వద్దాం. ఈ నేల చేతులు మారిన తీరే ఒక చరిత్ర. భద్రాచలం తాలూకా 1860లో నిజాం నుంచి బ్రిటిష్‌వాళ్ళకి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి, 1959లో ఖమ్మం జిల్లాకి వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చాలా ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. కోయవాళ్ళ పోడులో గట్లు ఉండవు. గట్టు కట్టి మడి చెయ్యడం ఇక్కడ పెరిగింది పైనుంచి వచ్చిన రైతులతో. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు గోదావరి ఒడ్డున పొగాకు, మిరప వేశారు, పల్లంలో మడులు కట్టారు. వాళ్ళ వెంట ఊరూ వాడా వేరుగా ఉండే పద్ధతీ వచ్చింది. అడవిలో మైల అసలే లేదని మేం అనం. ముట్టయిన ఆడవాళ్ళని ఊరి అంచు గుడిసెలో ఉంచే ఆచారం కోయగూడేల్లోనూ ఉంది. కానీ పుట్టుకతోనే ఒక వాడ మొత్తానికి మైల అంటగట్టడం వేరే సంగతి.

భద్రాద్రి రాముడి కథే తీసుకోండి. ఇక్కడి జనం చెప్పుకునే ప్రకారం విగ్రహాలు మొదట కంటబడింది పోకల దమ్మక్క అనే కోయ ఆడమనిషికి. ఆమె తాటాకు పందిరి వేసి తాటిపండు నైవేద్యం పెట్టింది. కంచర్ల గోపన్న గుడి కట్టింది ఆ తర్వాత. పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉండి, తానీషా కాలంలో గోల్కొండ చెరకి పోయిన రామదాసు ఆయనే. శబరి ఎంగిలి పళ్ళ కథ వాల్మీకిలో లేదు, తర్వాతి భక్తి సంప్రదాయం చేర్చుకున్నది. ఎంగిలిని ఇంత ముచ్చటగా చెప్పుకునే క్షేత్రంలో దమ్మక్క నైవేద్యానికి మడి లేదు, తర్వాత వచ్చిన ఆగమ పూజకి మడి లేనిదే గడవదు. కథలో ఒప్పుకున్నదాన్ని గడప దగ్గర ఒప్పుకోరు.

1917 అనే సంవత్సరం మాకు ముఖ్యంగా కనబడుతుంది. ఆ ఏడు బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని అక్కడే ప్రకటించుకున్నారు. వాళ్ళు లోపలికి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. సరిగ్గా అదే ఏడు మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం తెచ్చింది. ఒకచోట మడి పోతుందని తలుపేశారు, ఇంకోచోట గిరిజనుల మడులు పోతున్నాయని చట్టం చెయ్యాల్సివచ్చింది.

మనలోపలి మడి సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మాల ఇంట్లో మాదిగకి వేరే గ్లాసు పెట్టిన రోజులున్నాయి. 1994లో దండోరా లేచినప్పుడు మనలో చాలామంది మడి కట్టుకునే కూర్చున్నారు.

భూమి దగ్గర ఈ చిక్కు ఇంకా గట్టిది. 1959 రెగ్యులేషన్‌ని 1970లో సవరించాక, అదే మనం 1/70 అంటున్నాం, ఏజెన్సీలో గిరిజనేతరులు ఒకరి నుంచి ఒకరు కూడా భూమి కొనుక్కోవడానికి లేదు. కోయవాళ్ళ భూమి కోయవాళ్ళకే అన్నదాంట్లో మాకు రెండో మాట లేదు. అయితే కోస్తా నుంచి వచ్చిన ఆసామీ, అతని వెనకే కూలికి వచ్చిన మాలమాదిగలూ ఆ చట్టం కళ్ళకి ఒకే గిరిజనేతరులు. ఆసామీలు బినామీ పేర్లతో, కోర్టు వాయిదాలతో భూమి నిలబెట్టుకున్నారు. కూలికి వచ్చినవాళ్ళకి నిలబెట్టుకోవడానికి భూమే లేదు. వాళ్ళ ఆడవాళ్ళు నాట్ల కాలంలో పొద్దున్నే వెళ్ళి ఎవరిదో మడిలో దిగుతున్నారు.